ములుగు అడవుల్లో జెడై లైడార్ పనితనం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించిన జెడై అనే లైడార్ పరికరం, అంటే లేజరు కాంతిని కిందికి పంపి అది తిరిగివచ్చే సమయాన్ని బట్టి ఎత్తు కొలిచే పరికరం, అడవుల ఎత్తు గురించి ఇచ్చే సమాచారాన్ని నేను కొంతకాలంగా తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల అడవుల విషయంలో వాడుతున్నాను. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఉపగ్రహ సమాచారంతో పనిచేయడం నేను తరగతిలో చదువుకున్నది కాదు, అవసరం కొద్దీ రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నది. అడవిని బాగా ఎరిగి ఉండి, ఈ సమాచారం మన అడవికి ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకోవాలనుకునేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది డబ్బు పెట్టి కొనే వస్తువు కాకపోయినా దీని మీద మన సమయమూ నమ్మకమూ ఖర్చవుతాయి గనుక, కొన్న వస్తువును పరీక్షించినంత శ్రద్ధగానే దీన్నీ పరీక్షించాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. జెడై కొలిచిన ఒక్కో చుక్క, అంటే లేజరు కాంతి నేల మీద పడిన ఒక్కో చిన్న వృత్తం, సరిగ్గా జల్లెడ పట్టుకుంటే, నమ్మదగినది. ఆ చుక్కల ఆధారంగా తయారైన రంగుల పటాలను మాత్రం మన ప్రాంతంలో కాలినడకన వెళ్లి సరిచూడకుండా నమ్మకూడదు. ఏ చుక్క తీసుకున్నా, అది చెప్పే ఎత్తు కంటే ముందు అది పడిన తేదీ చూడాలి.

జెడై 2018 డిసెంబరు 5న స్పేస్‌ఎక్స్ రాకెట్‌లో బయలుదేరి, అంతరిక్ష కేంద్రంలోని జపాన్ విభాగపు బయటి వేదిక మీదికి చేరి, 2019 ఏప్రిల్ నుంచి కొలతలు ఇవ్వడం మొదలుపెట్టింది. నాసా కోసం అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఈ పని నడుస్తోంది. రెండేళ్ల కోసమని తలపెట్టిన పరికరం అంతకు మించి పనిచేసింది. 2023 మార్చిలో దాన్ని వేదిక మీది నుంచి తీసి భద్రపరిచి, 2024 ఏప్రిల్‌లో తిరిగి పనిలో పెట్టారు. ఆ మధ్యకాలానికి సంబంధించి మన అడవి గురించి జెడై వద్ద ఏమీ లేదు. అంతరిక్ష కేంద్రం భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 51.6 డిగ్రీల అక్షాంశాల మధ్య తిరుగుతుంది కనుక, మన దేశం మొత్తం దాని దారిలో పడుతుంది.

పరికరంలో మూడు లేజర్లున్నాయి. ఒకదాని కాంతిని రెండుగా చీల్చి, అన్నింటినీ అటూ ఇటూ తిప్పడం వల్ల నేల మీద మొత్తం ఎనిమిది దారులు ఏర్పడతాయి. వాటిలో నాలుగు పూర్తి శక్తివి, నాలుగు తక్కువ శక్తివి. ఒక్కో లేజరు సెకనుకు 242 సార్లు 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని విడుస్తుంది. అలా విడిచిన కాంతి నేలను చేరేసరికి సుమారు 25 మీటర్ల వ్యాసం గల వృత్తంగా పరుచుకుంటుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఐదు గుంటల జాగా. ఒకే దారిలో చుక్కకూ చుక్కకూ మధ్య 60 మీటర్లు, దారికీ దారికీ మధ్య 600 మీటర్లు దూరం ఉంటుంది. ఇది అడవిని పరుచుకుని చూసే చూపు కాదు, నాట్లు వేసినట్టు దూరదూరంగా గుచ్చి చూసే చూపు.

నన్ను ఆకట్టుకున్నది ఆ గుచ్చి చూడటంలోని లోతు. కిందికి వచ్చిన కాంతిలో కొంత చిటారు కొమ్మలకు తగిలి ముందుగా వెనుదిరుగుతుంది. కొంత నడిమి కొమ్మలకు, ఇంకొంత వెదురు పొదలకు తగిలి ఆ తర్వాత వెళ్తుంది. మిగిలినది నేలను తాకి చివరన చేరుతుంది. ఇలా తిరిగివచ్చిన కాంతి మొత్తాన్నీ పరికరం 15 సెంటీమీటర్ల మెట్లుగా నమోదు చేసుకుంటుంది. దాన్ని గీతగా గీసి చూస్తే చెట్టు తలకట్టు దగ్గర ఒక ఉబ్బు, నేల దగ్గర ఒక పదునైన శిఖరం కనిపిస్తాయి. నేల నుంచి లెక్కిస్తూ పోతే, తిరిగివచ్చిన కాంతిలో 98 శాతం ఏ ఎత్తులోపు ఉందో ఆ ఎత్తును ఆర్‌హెచ్98 అంటారు. చెట్ల ఎత్తుగా ఎక్కువమంది వాడేది ఈ అంకెనే. సగం కాంతి ఏ ఎత్తులోపు ఉందో చెప్పేది ఆర్‌హెచ్50. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం నేర్చుకున్న రోజు నుంచే నాకు ఈ సమాచారం అర్థం కావడం మొదలైంది.

సమాచారం పొందడం గురించి కొంత చెప్పాలి. నాసా ఎర్త్‌డేటాలో ఉచితంగా ఖాతా తెరిచి, ఎల్2ఎ అనే పేరుతో ఉన్న ఎత్తుల ఫైళ్లనూ, ఎల్2బి అనే పేరుతో ఉన్న తలకట్టు సాంద్రత, ఆకు విస్తీర్ణం ఫైళ్లనూ దింపుకోవచ్చు. అవి హెచ్‌డిఎఫ్5 రూపంలో, చాలా పెద్ద పరిమాణంలో ఉంటాయి. ములుగు జిల్లా కోసం వెతికితే, మనకు కావలసిన చుక్కలు కొన్ని వందలే ఉన్నా, అంతరిక్ష కేంద్రం చేసిన ప్రదక్షిణలో పెద్ద భాగం మొత్తాన్నీ దింపుకోవలసి వస్తుంది. ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉన్నవారికి ఇది పెద్ద భారం. ఉపగ్రహ సమాచారాన్ని నెట్‌లోనే చూసి లెక్కించుకునే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఇదే సమాచారం నెలవారీగా, 25 మీటర్ల గడులుగా మార్చి ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను అదే సూచిస్తాను. అక్కడ మన జిల్లా హద్దు గీసుకుని, కావలసిన చుక్కలను మాత్రమే బయటికి తీసి, పటాలు చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్‌లో తెరిస్తే సరిపోతుంది.

జల్లెడ పట్టకుండా వాడితే మాత్రం తప్పుదారి పడతాము. మొదటి వారం నేను ఆ పొరపాటే చేశాను. ఉన్న చుక్కలన్నింటినీ తీసుకుంటే పాకాల చెరువు నీళ్ల మీద కూడా చెట్ల ఎత్తులు కనిపించాయి. మబ్బుకు తగిలి వెనుదిరిగిన కాంతి, నేలను సరిగ్గా పట్టుకోలేని బలహీనమైన సంకేతం, పరికరం దిశ తప్పిన సందర్భాలు అన్నీ ఫైల్లో అలాగే ఉంటాయి. నాణ్యతా సూచిక 1 ఉన్నవాటినే ఉంచడం, దిశ తప్పినట్టు గుర్తు ఉన్నవాటిని తీసేయడం, దట్టమైన తలకట్టు గుండా కూడా నేలను పట్టుకోగల శక్తిని చెప్పే సెన్సిటివిటీ అనే అంకె 0.95 కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎంచుకోవడం, వీలైతే పూర్తి శక్తి దారుల్లో రాత్రిపూట పడిన చుక్కలకు ప్రాధాన్యం ఇవ్వడం, ఇవి చేశాక మిగిలినవి తక్కువే అయినా నమ్మకంగా ఉన్నాయి. చెరువు మీది చెట్లు మాయమయ్యాయి.

అలా మిగిలిన చుక్కల్లో కొన్నింటిని ఎంచుకుని ఒక నవంబరులో తాడ్వాయి దాటాక మేడారం వైపు అడవిలోకి వెళ్లాను. దారి చూపడానికి అక్కడి కోయ పెద్దాయన ఒకరు వచ్చారు, ఆయన్ను నేను తాత అనే పిలుస్తాను. చుక్క నడిబొడ్డు అని ఫోను చూపిన చోట ఒక కర్ర పాతి, నాలుగు దిక్కులా పన్నెండున్నర మీటర్లు టేపు లాగి, ఆ వృత్తంలోని పెద్ద చెట్లన్నింటి ఎత్తూ కోణం చూపే క్లైనోమీటరుతో కొలిచాము. చెట్టు నుంచి ఇరవై మీటర్లు వెనక్కి నడిచి, చిటారు కొమ్మకు ఒకసారి, మొదలుకు ఒకసారి గురి చూడాలి. టేకు ఆకులు ఇంకా చెట్టు మీదే ఉండటంతో చిటారు కొమ్మ ఏదో తేల్చుకోవడానికే ఒక్కో చెట్టు దగ్గర చాలాసేపు పట్టింది. ఆ వృత్తంలో అన్నిటికంటే పొడవైన నల్లమద్ది మా కొలతలో 18 మీటర్లకు కొంచెం పైన వచ్చింది, జెడై ఇచ్చిన ఆర్‌హెచ్98 దానికి మీటరు లోపు తేడాలో ఉంది. మరో చుక్క దగ్గర తేడా మూడు మీటర్ల దాకా వచ్చింది. వృత్తం అంచుకు కాస్త ఆవల ఒక పెద్ద మద్ది నిలబడి ఉంది. జెడై చెప్పే స్థానంలోనే పది మీటర్ల దాకా పొరపాటుకు అవకాశం ఉంది. దానికి చెట్ల కింద ఫోను జీపీఎస్ చేసే పొరపాటు కూడా తోడవుతుంది. ఒక్క చుక్కను ఒక్క చెట్టుతో పోల్చి పరికరాన్ని మెచ్చుకోవడమో తప్పుపట్టడమో న్యాయం కాదు. ఒకే రకం అడవిలో ఇరవై ముప్పై చుక్కల్ని కలిపి చూసినప్పుడే పోలికకు అర్థం ఉంటుంది.

గుట్టల మీద మాత్రం జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మంగపేట మండలంలో మల్లూరు గుట్టల వైపు కొన్ని చుక్కలు నేను చూసినంతలో ఎప్పుడూ లేనంత ఎత్తైన చెట్లను చూపించాయి. దానికి కారణం లెక్కలోనే ఉంది. 20 డిగ్రీల వాలు మీద 25 మీటర్ల వృత్తం పడితే, పై అంచుకూ కింది అంచుకూ మధ్య నేలలోనే దాదాపు 9 మీటర్ల తేడా ఉంటుంది. పై అంచున ఉన్న రాయి, కింది అంచున ఉన్న చెట్టు కొమ్మ ఒకే ఎత్తులో ఉండి ఒకే క్షణంలో కాంతిని తిప్పి పంపుతాయి, నేల శిఖరం చెదిరిపోయి వెడల్పవుతుంది. 10 డిగ్రీల వాలు మీద కూడా ఈ తేడా 4 మీటర్లు దాటుతుంది. అందువల్ల వాలు ఎక్కువున్న చోట్లను నేను లెక్కలోంచి తీసేశాను. నష్టమే అయినా వేరే మార్గం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనది ఆకురాల్చే అడవి. టేకు, తునికి, మద్ది, మోదుగ ఎండలు ముదిరేకొద్దీ ఆకు వదిలేస్తాయి. మోదుగ పూసే నాటికి అడవిలో నడిస్తే కాలి కింద టేకు ఆకులు అప్పడాల్లా విరుగుతుంటాయి. ఆ కాలంలో పడిన చుక్కలకు తగిలేది బోడి కొమ్మలే. ఒకే టేకు వనంలో పక్కపక్కన పడిన వేసవి చుక్కలనూ వానల తర్వాతి చుక్కలనూ పోల్చి చూస్తే, ఎత్తులో తేడా మీటరో రెండు మీటర్లో ఉన్నా, ఆకు విస్తీర్ణం అంకె మాత్రం దారుణంగా పడిపోయింది. ఈ సంగతి తెలియనివారు రెండు తేదీలనూ పోల్చి అడవి పలచబడిందని రాసేస్తారు. ఈ మాట తాతతో అంటే ఆయనకు అందులో వింత ఏమీ కనిపించలేదు.

"ఎండకాలం టేకు మొత్తం బోడిగ అయితది బిడ్డా. అప్పుడు పైనుంచి చూస్తే ఏం కనవడ్తది?" అన్నారు.

దీనికి తోడు లేజరు కాంతి మబ్బును దాటి రాలేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా అడవి నిండుగా ఉంటుంది కానీ ఆకాశం మూసుకుని ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకాశం తేటగా ఉంటుంది కానీ అడవి బోడిగా ఉంటుంది. ఆకు ఉన్నప్పుడు మబ్బు, మబ్బు లేనప్పుడు ఆకు లేదు. అమెజాన్ లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే అడవుల మీద పనిచేసేవారికి ఈ చిక్కులో సగమే తెలుసు. నా అనుభవంలో మన ప్రాంతానికి సరైన సమయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వానలు వెనక్కి తగ్గి, టేకు ఇంకా ఆకు వదలని ఆ రెండు మూడు నెలల్లో పడిన చుక్కలు మిగతా ఏడాదంతా పడినవాటికంటే విలువైనవి. ఆకు లేని కాలమని చెప్పే సూచిక ఒకటి ఎల్2ఎ ఫైల్లో ఉంది, కానీ అది ముతక గడుల మీద లెక్కించినది. టేకు ఆకు ఎప్పుడు రాలుతుందో ఇక్కడ పుట్టి పెరిగినవారికి అంతకంటే బాగా తెలుసు కనుక, నేను తేదీనే నమ్ముకుంటున్నాను.

మరొక చుక్క గురించి వివరంగా చెప్పాలి. ఏటూరునాగారం దారిలో ఆర్‌హెచ్98 దాదాపు 14 మీటర్లు చూపిన చుక్క ఒకటి ఉంది. మంచి అడవే అయి ఉంటుందని వెళ్లి చూస్తే, అది పోడు భూమి. పంట కోసిన చెలక నడుమ ఒకే ఒక్క ఇప్పచెట్టు గొడుగు పట్టినట్టు నిలబడి ఉంది. పోడు చేసినా ఇప్పను నరకకుండా ఉంచుకోవడం అక్కడి ఆనవాయితీ. పువ్వు, గింజ రెండూ ఆ కుటుంబాలకు ఆదాయం.

తాత ఆ చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, "గీ ఒక్క చెట్టును చూసి అడవి అంటరా బిడ్డా? గిది చెలక" అన్నారు.

ఇంటికి వచ్చి అదే చుక్క తరంగరూపాన్ని, అంటే తిరిగివచ్చిన కాంతి గీతను, మళ్లీ తెరిచాను. ఆర్‌హెచ్98 14 మీటర్ల దగ్గర ఉన్నా, ఆర్‌హెచ్50 నేలను అంటుకునే ఉంది. కాంతిలో ఎక్కువ భాగం నేరుగా నేలను తాకి తిరిగొచ్చింది. నేను నల్లమద్ది కొలిచిన చుక్కలో ఆర్‌హెచ్50 చెట్ల నడిమి ఎత్తు దాకా లేచి ఉంది. అంటే జెడై తప్పు చెప్పలేదు, ఒక్క అంకెనే చదివి నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను. ఎత్తు ఒక్కటే అడవి కాదు, ఆ ఎత్తు వరకు ఏమేమి నిండి ఉందన్నదే అడవి. ఎత్తుకు మాత్రమే అలవాటుపడిన పటాలు ఈ తేడాను దాచేస్తాయి. అటవీ హక్కుల దరఖాస్తుల విషయంలో ఉపగ్రహ చిత్రాలను సాక్ష్యంగా చూపే రోజుల్లో ఈ తేడా ఒక కుటుంబం బతుకుకు సంబంధించినది.

పటాల సంగతి ఇక్కడే చెప్పాలి. జెడై చుక్కల మధ్య ఖాళీలను ఉపగ్రహ చిత్రాలతో పూరించి ప్రపంచమంతటికీ చెట్ల ఎత్తు పటాలు తయారుచేశారు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారు ల్యాండ్‌శాట్ చిత్రాలతో 2019 నాటి పటాన్ని 30 మీటర్ల గడులతో చేశారు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ వారు సెంటినెల్-2 చిత్రాలతో 2020 నాటి పటాన్ని 10 మీటర్ల గడులతో చేశారు. చేసినవారి శ్రమ మీద నాకు గౌరవం ఉంది, ఖండాల స్థాయిలో చూసేవారికి అవి ఎంతో ఉపయోగం. కానీ ఆ గడుల్లో ఉన్నది కొలత కాదు, పోలికల మీద వేసిన అంచనా. పైనుంచి పచ్చగా కనిపించే జామాయిల్ తోట, పక్కనున్న టేకు అడవి, గోదావరి ఒడ్డు మామిడి తోట ఆ రంగుల్లో ఇంచుమించు ఒకటే అయిపోతాయి. పైగా జామాయిల్‌ను నాలుగైదేళ్లకొకసారి కొట్టేస్తారు. 2020లో పది మీటర్లున్న తోట ఇప్పుడు పిలకల దశలో ఉండవచ్చు, లేదా రెండోసారి పెరిగి ఉండవచ్చు. పటం మాత్రం పాత అంకె దగ్గరే ఆగి ఉంటుంది.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. మా బంధువుల టేకు తోటకు కార్బన్ క్రెడిట్లు ఇప్పిస్తామని ఒక సంస్థవారు వచ్చి, తోటలోకి అడుగు కూడా పెట్టకుండా కంప్యూటరులో పటం చూసి చెట్ల ఎత్తు చెప్పారు. ఆ చెట్లు నాటినదే వాళ్లు చూపిన పటం తేదీ తర్వాత. వాళ్లు చదివినది అంతకుముందు అక్కడున్న పాత మామిడి చెట్ల ఎత్తు. ఆ సంగతి చెబితే సరిచూస్తామని వెళ్లినవారు మళ్లీ రాలేదు. కాగితం మీద సంతకం పెట్టకముందే అడిగి ఉండటం మా అదృష్టం. ఇలాంటి ప్రతిపాదన ఎవరు తెచ్చినా, మీరు వాడుతున్న ఎత్తు ఏ తేదీది, అది కొలిచినదా అంచనా వేసినదా అని రైతులు ముందుగా అడగాలని నా విన్నపం.

2018 సెప్టెంబరు 15న వెళ్లిన ఐస్‌శాట్-2 ఉపగ్రహాన్ని కూడా కొంత చూశాను. అది సెకనుకు పదివేల సార్లు 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని విడుస్తూ, తిరిగివచ్చే కాంతికణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ప్రధానంగా మంచును కొలవడానికి చేసినది, అడవి దానికి రెండో పని. పగటి వెలుతురులో ఎండ కణాలు కలిసిపోయి గందరగోళమవుతుంది. అడవి ఎత్తును వంద మీటర్ల పొడవు ముక్కలుగా ఇస్తుంది కనుక, మన పోడు గట్లూ అడవి అంచులూ ఒకే ముక్కలో కలిసిపోతాయి. జెడై ఖాళీ వదిలిన చోట దాన్ని తోడుగా తీసుకోవచ్చు, దాని మీదే ఆధారపడమని చెప్పలేను.

మబ్బు చిక్కును తీర్చగలిగేది, కాంతికి బదులు రేడియో తరంగాలను పంపే రాడార్. అయితే రాడార్ వెనక్కి పంపే ప్రతిధ్వని బలం ఎత్తు కాదు, కాబట్టి రాడార్ చిత్రం చూసి ఎవరైనా నేరుగా చెట్ల ఎత్తు చెబితే సందేహించాలి. తరంగం పొడవును బట్టి అది చూసేది మారుతుంది. ఐరోపా వారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 వాడే 5.6 సెంటీమీటర్ల తరంగం ఆకుల దగ్గర, సన్న రెమ్మల దగ్గరే ఆగిపోతుంది. దట్టమైన అడవీ, ఓ మోస్తరు అడవీ దానికి ఒకటే. వాన కురిసిన మర్నాడు ఆకుల తడి వల్ల అదే అడవి ఇంకా వెలుగుగా కనిపిస్తుంది. 24 సెంటీమీటర్ల ఎల్ బ్యాండ్ తరంగం ఆకులను దాటి లోపలికి వెళ్లి, లావు కొమ్మలకూ మొదళ్లకూ తగిలి వస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో నాసా చేసిన ఎల్ బ్యాండ్, మన ఇస్రో చేసిన ఎస్ బ్యాండ్ రెండూ ఉన్నాయి. 12 మీటర్ల వ్యాసం గల యాంటెనాతో, ప్రతి 12 రోజులకు ఒకసారి అదే చోటికి తిరిగి వస్తుంది. చెట్ల బరువు హెక్టారుకు వంద టన్నులు దాటితే ఎల్ బ్యాండ్ ప్రతిధ్వని ఇక పెరగడం దాదాపు ఆగిపోతుందని దాని లోపంగా చెబుతారు. అమెజాన్ అడవికి అది పెద్ద లోపమే. మన ఎండు ఆకురాల్చే అడవుల్లో ఎక్కువ భాగం ఆ హద్దు లోపలో, దాని దగ్గరలోనో ఉంటుందని నేను భావిస్తున్నాను. అందువల్ల వాళ్లకు లోపమైనది మనకు అంతగా అడ్డం రాదు, నైసార్ మన అడవికి తగిన పరికరమని నా నమ్మకం. ఐరోపా వారు 2025 ఏప్రిల్ 29న పంపిన బయోమాస్ ఉపగ్రహం 70 సెంటీమీటర్ల తరంగంతో ఇంకా లోతుకు చూస్తుంది కానీ, దాని ఎత్తుల పటం 200 మీటర్ల గడులది. అడవి, చెలక, తోట కలగలిసిన మన నేలకు ఆ గడి మరీ పెద్దది.

ఇవన్నీ ఒక్కచోట పరీక్షకు నిలబడినది తాడ్వాయి అడవిలోనే. 2024 ఆగస్టు 31న సుడిగాలి లాంటి పెనుగాలికి అక్కడ వేల సంఖ్యలో చెట్లు నేలకూలాయి. దాదాపు యాభై వేలని అప్పట్లో అటవీ అధికారులు చెప్పారు. ఆ అడవిని చిన్ననాటి నుంచి ఎరిగిన నాకు ఆ వార్త ఇంట్లోవాళ్లకు దెబ్బ తగిలినట్టే అనిపించింది. వానాకాలం కావడంతో మామూలు ఉపగ్రహ చిత్రాలకు మబ్బు అడ్డం వచ్చింది. జెడై అప్పటికే తిరిగి పనిలోకి వచ్చి ఉంది కనుక, కూలకముందు ఎత్తు, కూలిన తర్వాత ఎత్తు రెండూ దొరుకుతాయని ఆశపడ్డాను. కానీ జెడై ఒకసారి కొలిచిన వృత్తాన్నే మళ్లీ కొలవదు. తర్వాతి నెలల్లో కూలిన మేర మీద పడి, జల్లెడలో నిలిచిన చుక్కలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జరిగిన నష్టం హద్దులు గీయడానికి అవి ఏమాత్రం చాలవు. ఆ పనికి తేటపడ్డాక తీసిన సెంటినెల్-2 చిత్రాలే గతి.

అయితే దొరికిన ఆ కొద్ది చుక్కలు నాకు మరెక్కడా దొరకని సంగతి చెప్పాయి. చెట్లన్నీ పడిపోయిన చోట ఎత్తు సున్నాకు దగ్గరగా వస్తుందనుకున్నాను, ఒకచోట నాలుగు మీటర్ల పైన వచ్చింది. చలికాలంలో వెళ్లి చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. వేళ్లతో సహా లేచిన మద్ది మొదలు మట్టి గోడలా నా తలకంటే ఎత్తుగా నిలబడి ఉంది. దాని మీద ఇంకో టేకు, దాని మీద వెదురు, అన్నీ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. లేజరు దానినే తలకట్టుగా లెక్కించింది. కూలిన అడవి కూడా కొంతకాలం ఎత్తుగానే ఉంటుంది. జీవద్రవ్యరాశిని, అంటే చెట్ల బరువును, లెక్కగట్టే ఎల్4ఎ అనే జెడై సమాచారానికి ఇక్కడ రెండు రకాల ఇబ్బందులు ఉన్నాయి. పడిపోయిన కర్ర ఇంకా అక్కడే ఉన్నా అది ఎత్తు తగ్గినంత మేర బరువు పోయిందని లెక్కగడుతుంది. మిగిలిన గుట్టను చిన్న చెట్ల అడవిగా భావిస్తుంది. ఎత్తు నుంచి బరువును అంచనా కట్టే ఆ సూత్రాలు నిలబడి ఉన్న చెట్ల మీద తయారైనవి. అందుకే ఎల్4ఎ అంకెలను మన జిల్లాకు ఇంత కార్బన్ అని చెప్పడానికి నేను వాడను. టేకు కర్ర బరువు వేరు, బూరుగు కర్ర బరువు వేరు, వాటి తేడా కాంతికి తెలియదు.

ఎవరికి పనికొస్తుందంటే, అడవి గురించి పరిశోధన చేసే విద్యార్థులకు, తమ రేంజిలో ఎక్కడ నమూనాలు తీయాలో ముందుగా ఎంచుకోవాలనుకునే అటవీ సిబ్బందికి, నేల మీద కొలిచే ఓపిక ఉన్న ఉపాధ్యాయులకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఒక ఎకరం తోట ఎత్తు తెలుసుకోవాలనుకునే రైతుకు మాత్రం ఇది అక్కరలేదు, ఆయన పొలంలో చుక్కే పడి ఉండకపోవచ్చు. వాడే విధానం గురించి తెలుగులో ఒక్క పుట కూడా నాకు దొరకలేదు. అందుకని జల్లెడ పట్టే పద్ధతిని మా విద్యార్థుల కోసం మెట్లు మెట్లుగా తెలుగులో రాసి పెట్టాను. ఇంగ్లీషు పత్రాలతో తడబడిన పిల్లలు దానితో ఒక్క మధ్యాహ్నంలో పని నేర్చుకున్నారు.

కిందటిసారి వెళ్లినప్పుడు, కూలిన మేరలో నడుముకు విరిగి మిగిలిన ఒక టేకు మోడు చుట్టూ చిగుళ్లు లేచి నా భుజం దాకా వచ్చాయి. వచ్చే అక్టోబరులో అవి తల దాటుతాయని తాత అన్నారు. అంత చిన్న ఎత్తును జెడై నేల శిఖరం నుంచి వేరు చేయలేదు, ఇంకో రెండు మూడేళ్లు పోతే చేయగలదు. మోడు చుట్టుకొలత టేపుతో తీసుకుని, జీపీఎస్ స్థానాన్ని, తేదీని నోటుబుక్కులో రాసుకుని, పక్కనే గుర్తుగా ఒక రాయి నిలబెట్టి వచ్చాము.